ముక్కు రాసిన చోటు

పగ మంచిది కాదని బడిలో పిల్లలకు ఎన్నో ఏళ్లు చెప్పాను. జీతం తీసుకుంటున్నందుకు చెప్పక తప్పలేదు గానీ, ఆ మాట మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. కొన్ని సంగతులు మరిచిపోతే మనకు మిగిలేది ఏమీ ఉండదు. నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మెదక్ చుట్టుపక్కల పొలం గట్ల మీద, పాత బావుల పక్కన పడి ఉన్న చెక్కడపు రాళ్లను వెతుక్కుంటూ తిరగడం, వాటి బొమ్మలు గీసుకొని పత్రికల్లో నాలుగు ముక్కలు రాయడం అలవాటైంది. పాపన్నపేట దాకా షేర్ ఆటోలో పోయి, అక్కడి నుంచి వరి చేల మధ్య నడిచి, బర్రెల్ని కట్టేసే రాయి మీద పేడ కడిగి చూస్తే ఏనుగు బొమ్మ కనిపించిన రోజులున్నాయి. ఆ రాతల వల్ల ఊళ్లో నాకు కొద్దిగా పేరు వచ్చింది. ఆ పేరు విని మొన్నొక సాయంత్రం చిన్న పటేల్ ఆపిల్ పళ్ల సంచితో మా ఇంటికి వచ్చాడు.

చిన్న పటేల్ అంటే చిన్నవాడని కాదు, వాళ్ల నాయిన పెద్ద పటేల్ ఇంకా బతికే ఉన్నాడు గనక ఈయన చిన్న. మా ఊరు మున్సిపాలిటీలో కలిశాక కొన్నాళ్లు కౌన్సిలర్. మెడలో కండువా ఎప్పుడూ ఉంటుంది, రంగు మాత్రం గెలిచే వాళ్లను బట్టి మారుతుంది. కుర్చీలో కూర్చొని, చేతులు కట్టుకొని, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అక్కా, కాలువ కాడ మన వీరాంజనేయస్వామి గుడి ఉత్సవం గీసారి మస్తుగ చేస్తున్నం. స్థలపురాణం పుస్తకం గూడ ఏస్తున్నం. మీరు రాళ్ల మీద రాస్తరు గద, ముందుమాట మీరే రాయాలె. స్టేజి మీద మా నాయిన చేతుల మీదుగ మీకు శాలువ కప్పుతం."

పుస్తకం ప్రూఫు నా చేతిలో పెట్టాడు. చదివాను. ఒకానొక స్త్రీ గర్వంతో కళ్లు మూసుకుపోయి, కాలువ ఒడ్డున బోర్లా పడుకొని ఉన్న స్వామి వీపు మీద రోజూ మైల బట్టలు ఉతికేదట. స్వామికి కోపం వచ్చి ఆమె ముఖం నిండా పుండ్లు పుట్టించాడట. ఆమె ఏడ్చుకుంటూ వచ్చి, తనంతట తానే స్వామి ముందు ముక్కు నేలకు రాసి, తప్పు ఒప్పుకుందట. పుండ్లు మాయమయ్యాయట. అందుకని చర్మరోగాలు ఉన్నవాళ్లు ప్రతి మంగళవారం వచ్చి, రోగం తగ్గేదాకా అక్కడ ముక్కు రాయాలి.

ఆ స్త్రీ లోపలి గదిలో మంచం మీద కూర్చొని వెల్లుల్లి పొట్టు తీస్తున్నది. ఆమె మా అమ్మ, ఎల్లవ్వ. ఆ సంగతి చిన్న పటేల్‌కు తెలియదు, ఆనాటికి అతను లాగు జారిపోతూ తిరిగే పిల్లవాడు. ముందుమాట సంగతి దాటేసి, ఉత్సవానికి వస్తానని మాత్రం చెప్పి పంపేశాను. అతను గేటు దాటిన తర్వాత అమ్మ లోపలి నుంచి, "పటేల్ కొడుకేనా?" అని అడిగింది. అవునన్నాను. "గా పళ్లు పక్కింటోళ్లకియ్యి" అన్నది. తర్వాత ప్రూఫంతా చదివి వినిపించమన్నది. చదివాను. వెల్లుల్లి వలుస్తూనే అంతా విని, చివర్లో పొట్టు ఊదేసి, "గర్వమంట" అన్నది.

మాది చాకలి ఇల్లు. కాలువ ఒడ్డున చాకిరేవులో మాకొక బండ ఉండేది. మా నాయనమ్మ అత్తగారి కాలం నుంచీ అది అక్కడే ఉందట. నున్నటి వీపుతో, నిలువెత్తు మనిషి పడుకున్నంత పొడవుండేది. తెల్లవారకముందే అమ్మ లేచి, పొయ్యి మీద బాన పెట్టి, చవుడు నీళ్లలో నానిన బట్టల్ని దాని మీద పేర్చి ఉబ్బ వేసేది. ఆవిరి పైకి వస్తుంటే వేడి చవుడు వాసన, తడి నూలు వాసన, ఎవరింటి మనుషుల చెమట వాసన వాళ్ల వాళ్ల బట్టల్లోంచి లేచి కలిసిపోయేవి. ఆ వాసన మధ్య నేను అక్షరాలు దిద్దాను. నాయిన బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఊపుకుంటూ, నిప్పురవ్వలు గాలికి లేస్తుంటే, "దూరం కూసో బిడ్డా, లంగ కాల్తది" అనేవాడు. రేవుకు పోగానే అమ్మ మొదట చేసే పని, బండ తల దగ్గర చిటికెడు పసుపు పెట్టి, "మడేలయ్యా, చేతులకు బలమియ్యి" అని మొక్కడం. మడేలయ్య మా కులదేవుడు. ఆ రాయికి ఆ కాలంలో ఎవరైనా మొక్కారంటే అది మా అమ్మ ఒక్కతే.

ఆ బండ మీద మేం అన్ని మతాలనూ ఉతికాం. చర్చి కాంపౌండు నుంచి పాస్టరు గారి తెల్లని పొడుగు అంగీ వచ్చేది, దానికి నీలిమందు ఎక్కువైతే పాస్టరమ్మ ఊరుకునేది కాదు. హకీం సాబు ఇంటి నుంచి పైజామాలు, పీర్ల పండుగ ముందు పీర్లకు కట్టే పచ్చ దట్టీలు, రామాలయం పూజారి పంచెలు, పటేల్ ఇంటి ధోతులు. అన్నీ ఒకే ఉబ్బలో ఉడికి, ఒకే రాయి మీద దెబ్బలు తిని, ఒకే తాడు మీద ఆరేవి. గాలి వీస్తే పాస్టరు అంగీ చెయ్యి పూజారి పంచె మీద పడేది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి అమ్మ అంచున గుర్తు వేసేది. నల్లజీడి గింజను సూదితో గుచ్చితే నల్లటి రసం వస్తుంది, దాంతో చుక్కలు పెడితే ఎన్నిసార్లు ఉతికినా పోవు. పాస్టరు ఇంటికి కూడిక గుర్తు, హకీం సాబుకు నెలవంక, పటేల్ ఇంటికి పక్కపక్కన రెండు చుక్కలు. ఆ జీడి రసం ఒంటికి తగిలితే మాత్రం పొక్కులు లేచి, నీరు కారి, చూడలేనట్టు అవుతుంది. చాకలి ఇళ్లలో అది అందరికీ తెలిసిందే. కొబ్బరినూనె రాసుకొని ఊరుకుంటే కొన్నాళ్లకు దానంతట అదే మానిపోతుంది. నేను చేతులకు తెచ్చుకున్నాను, నాయిన మెడకు తెచ్చుకున్నాడు, ఎవరూ ఏ దేవుడినీ అనుమానించలేదు.

ఒక ఎండాకాలం కాలువకు నీళ్లు బంద్ చేసి మరమ్మతు మొదలుపెట్టారు. కాంట్రాక్టు పెద్ద పటేల్‌ది. తూము మీద కప్పడానికి పొడుగు రాయి కావాల్సి వచ్చి, కూలీలు గడ్డపారలతో మా బండను లేపి తిరగేశారు. ఇన్ని తరాలుగా బురదలో ఉన్న ముఖం పైకి వచ్చింది. చెయ్యెత్తి నిలబడ్డ మనిషి బొమ్మ. ఎవరో చెంబుతో నీళ్లు పోశారు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు, అంతలోనే ఊరు ఊరంతా రేవుకు చేరింది. ఆ రోజుల్లో పటేల్‌కు ఊళ్లో పరిస్థితి బాగాలేదు. కాలువ పని నాసిరకంగా చేయించాడని రైతులు ముఖం మీదే తిడుతున్నారు. దేవుడు సరిగ్గా ఆ వారమే బయటపడ్డాడు. పటేల్ గొడుగు మడిచి, చెప్పులు విడిచి, బొమ్మకు దండం పెట్టి, మా వైపు తిరిగాడు.

"ఎవలే గీ సామి వీపు మీద బట్టలు కొట్టింది?"

అమ్మ ముందుకు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే హాస్టలు దుప్పట్లకు గుర్తులు వేస్తూ, చెమట తుడుచుకోబోయి జీడి చెయ్యి చెంపకు రాసుకుంది. సగం ముఖం ఉబ్బి, పొక్కులు పగిలి ఉన్నాయి. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"చూడుండ్రి, సామి మొకం మీదనే కొట్టిండు!" అన్నాడు పటేల్.

"పటేలా, గిది జీడి. దుప్పట్లకు గుర్తులేస్తుంటే తగిలింది. నీకు ఎర్కలేదా?"

"నోర్ముయ్యి! దేవుని వీపు మీద ఊరందరి మైల కొట్టి, మీదికెల్లి జీడి అంటవా? ముక్కు నేలకు రాయి. రాయకుంటే రేపటిసంది ఊర్ల ఒక్కలు నీకు బట్టెయ్యరు."

అక్కడ నిలబడ్డ వాళ్లలో సగానికి పైగా ఒంటి మీద ఉన్నవి మా అమ్మ ఉతికిన బట్టలే. అంచున చుక్కలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. హకీం సాబు తల దించుకున్నాడు, పూజారి మంత్రం ఎత్తుకున్నాడు, మా నాయిన చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు. అమ్మ మోకాళ్ల మీద కూర్చొని, పొక్కుల ముఖాన్ని కంకర నేల మీద పెట్టి రాసింది. చాలలేదన్నాడు పటేల్. మళ్లీ రాసింది. లేచినప్పుడు ముక్కు తోలు ఊడి రక్తం కారుతున్నది. ఏడవలేదు. తడి ఆరని బట్టల్ని మూటగట్టుకొని ఇంటికి నడిచింది. వెనకాల నేను నడిచాను.

చాకలివాళ్లం సాయంత్రం ఇంటింటికీ పోయి బువ్వ తెచ్చుకునే రోజులవి. ఆ సాయంత్రం అమ్మ అన్ని ఇళ్లకూ పోయింది, పటేల్ ఇంటికి తప్ప. ఆ తర్వాత కూడా ఎన్నడూ ఆ గడప ముందు గిన్నె పట్టలేదు. వాళ్ల బట్టలు మాత్రం ఉతకక తప్పలేదు. పటేల్ ధోతులకు గంజి పెట్టేటప్పుడు దూలగొండి నూగు చల్లుదామని అమ్మకు సలహా ఇచ్చాను. అది ఒంటికి తగిలితే గోక్కోలేక చస్తారు. అమ్మ నన్ను కోప్పడి, "బట్ట ఏం పాపం జేసిందే?" అన్నది. బట్టల మీద ఆమెకు ఉన్న గౌరవం మనుషుల మీద ఉండేది కాదు. నాకు ఆనాటి నుంచి పటేల్ ముఖం నిద్రలో కూడా గీయగలిగేంత బాగా గుర్తు. డ్రాయింగ్ ట్రైనింగులో ముసలివాళ్ల ముఖాలు గీయమంటే, ప్రతిసారీ ఆయన్నే గీసి, ముక్కు చెరిపేసేదాన్ని.

జీడి పొక్కులు ఎప్పటిలాగే కొన్నాళ్లకు ఎండి రాలిపోయాయి. అమ్మ చెంప మళ్లీ నున్నగా అయింది. "సామి దయ చూసిండు" అని పటేల్ ఊరంతా తిప్పి చెప్పించాడు. కాలువ పని గురించి అడిగేవాళ్లు లేకుండా పోయారు. రేవు ఉన్నచోట గుడి లేచింది. మమ్మల్ని కాలువ మలుపు కిందికి పొమ్మన్నారు. అక్కడ దొరికిన గరుకు రాయి మీద బట్టలు చిరిగేవి, చిరిగిన బట్టల వల్ల మాకు బట్టలేసే ఇళ్లు ఒక్కొక్కటే పోయేవి. నేను ఉద్యోగంలో చేరి, ఊరికి అవతలి వైపు ఇల్లు కిరాయికి తీసుకునేదాకా అమ్మ అదే రాయితో తంటాలు పడింది. పటేల్ ఆ గుడి మెట్ల మీది నుంచే మొదట సర్పంచయ్యాడు, తర్వాత ఇంకా ఏవేవో అయ్యాడు.

ఆ రాయి ఏమిటో నేను చాలా కాలం తర్వాత గుర్తుపట్టాను. ఇలాంటివి ఈ ప్రాంతంలో చాలా చోట్ల దొరుకుతాయి. ఊరి పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయిన మనిషికి ఊరివాళ్లు ఎత్తి నిలిపిన రాయి. వీరగల్లు అంటారు. పైకెత్తిన చేతిలో ఉన్నది కత్తి. ఏటేటా సింధూరం పూసీ పూసీ అది గదయింది. నడుముకు చుట్టిన గుడ్డ కొంగు వెనక్కి ఎగురుతుంటే, సింధూరం కింద అదే తోకయింది. పక్కకు ముడిచిన కొప్పు కిరీటమయింది. చెక్కినవాడి ఉలి ఎంత చక్కటిదంటే, ఆ మనిషి పరుగెత్తుతూ ఆగినట్టుంటాడు. ఇప్పుడా పరుగూ లేదు, ఆ మనిషీ లేడు, మందంగా పేరుకున్న నారింజ రంగు ఒక్కటే ఉంది. దేవుణ్ని నేనేమీ అనడం లేదు. ఆయన పేరు చెప్పుకొని ఒక సిపాయిని, ఒక చాకలామెను ఒకే పూతలో కప్పేసిన వాళ్లనే అంటున్నాను.

ఉత్సవం రోజు అమ్మ తనూ వస్తానన్నది. వద్దన్నాను, వినలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకొని, కర్ర పట్టుకొని ఆటో ఎక్కింది. కాలువ గట్టు పొడుగునా ఫ్లెక్సీలు కట్టారు. ఆంజనేయుడి కంటే తండ్రీకొడుకుల బొమ్మలే పెద్దగా ఉన్నాయి. గర్భగుడి ముందు అమ్మ ముక్కు రాసిన చోట నల్ల గ్రానైటు పలక పరిచి, పసుపు రంగుతో గుండ్రంగా గీత గీశారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు వరుసగా నిలబడి, ఒక్కొక్కరే వంగి ముక్కు రాసి లేస్తున్నారు. మా చిన్నప్పుడు ఒక మనిషి ముక్కు రాయించడానికి పటేల్ అరిచి బెదిరించాల్సి వచ్చింది. ఇప్పుడు బెదిరించేవాళ్లు అక్కర్లేదు, జనమే టికెట్ తీసుకొని లైను కడుతున్నారు. కాలం మారిందని అంటారు గద, ఈ మార్పు కూడా అందులో కలుపుకోవాలి. అమ్మ ఆ వరుసను చాలాసేపు చూసి, టెంటు కింద మూడో వరుసలో కూర్చుంది.

స్టేజి మీద పెద్ద పటేల్ ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. అంత ఎండలో కాళ్లకు మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకొని, చేతికర్ర మొనతో పిక్కలు గోక్కుంటూనే ఉన్నాడు. నాకు శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చారు. నేను ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నదంతా ఆ మైకులో పోసేశాను.

"ఈ రాయి మంద కోసం పానమిచ్చిన సిపాయిది. మా బండ. దీని మీద బట్టలుతికినామె మొకం మీది పొక్కులు సామి పెట్టినవి గావు, నల్లజీడివి. ఆమె తనంతల తాను ముక్కు రాయలేదు, రాయించిండ్రు. రాయించినాయన గిక్కడనే కుర్చీల కూసున్నడు. ఆమె మా అమ్మ. పేరు ఎల్లవ్వ. అగో, మూడో వరుసల తెల్ల చీర."

చిన్న పటేల్ మైకు కోసం చెయ్యి చాపాడు, నేను ఇవ్వలేదు. జనం ఎదురు తిరుగుతారని, పెద్ద పటేల్ తలెత్తుకోలేడని, ఆ క్షణం కోసమే బతికినట్టు నేను ఎదురుచూశాను. వరుసలోంచి ఒకామె చంటిపిల్లను ఎత్తుకొని పరుగెత్తుకొచ్చి, మా అమ్మ కాళ్ల మీద పడింది.

"అవ్వా, నువ్వేనా! సామి నీకే గద మహిమ చూపెట్టిండు. నా బిడ్డ మీద జర చెయ్యి పెట్టవ్వా."

ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక వరుసంతా. నేను చెప్పిందంతా వాళ్లు విన్నారు, అందులోంచి తమకు కావలసిన ఒక్క ముక్కను మాత్రం తీసుకున్నారు. జీడి గురించి, సిపాయి గురించి నేను నేర్చుకున్నదంతా ఆ సింధూరం మీద ఇంకో పూతగా మారిపోయింది. అమ్మ మాత్రం మొదట బిత్తరపోయి, తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకొని వేళ్ల సందులు చూసింది.

"గిది గజ్జి. దవాఖానల మందిస్తరు, రేపే తీస్కపో."

ఆ తల్లి మంత్రం విన్నట్టు తలూపి, కళ్లకు అద్దుకుంది. అప్పుడు అమ్మ తలెత్తి స్టేజి వైపు చూసింది. కర్ర పట్టుకొని లేచింది. జనం దారిచ్చారు, కొందరు చీర అంచు తాకారు. ఆమె మెల్లగా నడిచి వచ్చి, పెద్ద పటేల్ కుర్చీ ముందు నిలబడింది. నేను పక్కకు వచ్చి, మైకు ఆమె నోటికి దగ్గరగా పట్టుకున్నాను.

"పటేలా, కాళ్లకేమైంది?"

"ఏం లేదు ఎల్లవ్వా" అన్నాడాయన. పేరు గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి, ఆ కళ్లలో నాకు కనిపించింది. "తామర. శానా దినాలాయె."

"మందులు వాడినవా?"

"హైదరాబాద్ దాంక పోయిన. తగ్గుతలేదు."

"మరి ఊరంత వచ్చి గీడ రాస్తున్నరు గద. నువ్వెందుకు రాస్తలేవు?"

సౌండు బాక్సుల్లో ఆ మాట కాలువ అవతల దాకా వినిపించింది. పటేల్ కర్రతో పిక్క గోక్కోవడం ఆపాడు. రాస్తే తగ్గదని చెప్పడానికి ఆయనకు వీల్లేదు, ఆ కథ ఆయనదే, గుడి ఆయనదే, కింద కూర్చున్న ఓట్లన్నీ ఆయన కొడుకువే. చిన్న పటేల్ కంగారుగా, "నాయినకు మోకాళ్లు వంగయవ్వా" అన్నాడు.

"పట్టుకొని వంచుండ్రి" అన్నది అమ్మ.

కింది నుంచి ఒకామె, "అవ్వ చెప్తుంది గద పటేలా, రాయుండ్రి, తగ్గుతది!" అని అరిచింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, నిజంగానే ఆయన బాగు కోరి అన్నది. మిగతావాళ్లూ అందుకున్నారు. కండువాలు వేసుకున్న కుర్రాళ్లు వచ్చి, చంకల్లో చేతులు పెట్టి, ఆయన్ను లేపి పలక దగ్గరికి నడిపించి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల వంచారు. పటేల్ పసుపు గీత మధ్య ముక్కు ఆనించి రాశాడు. జనం జై కొట్టారు. పూజారి గంట వాయించాడు. నాకు జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం లోపలికి చూసుకున్నాను. వేయలేదు. చాలా హాయిగా ఉండింది, దాచడం ఎందుకు.

శాలువా అక్కడే కుర్చీ మీద వదిలేసి, అమ్మను ఆటోలో కూర్చోబెట్టాను. ఆటో కాలువ గట్టు దిగి మెయిన్ రోడ్డు ఎక్కింది. తర్వాత నేనే ఉండబట్టలేక, "అమ్మా, ఆయనకు తగ్గుతదా?" అని అడిగాను.

"ఎందుకు తగ్గుతది? జీడి అయితే తనంతల తనే తగ్గుతుండె. తామర రాయికి రాస్తే తగ్గుతదా, పిచ్చిదానా?" అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకొని, సీటుకు ఆనుకుంది. "తగ్గేదాంక ప్రతి మంగళారం రాయాలెనని వాళ్ల బుక్కులనే ఉండె గద. వచ్చే మంగళారం నన్ను జర జల్ది తీస్కరా. ముందటి వరుసల కూసుంట."